మంచు సరస్సుకు నేను ఎంచిన ప్యాంటు

గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టడం ఎలా ఉంటుందని జర్మనీలో మేముండే కాట్‌బస్‌లోని తెలుగువాళ్లు నన్ను ఇంకా అడుగుతూనే ఉన్నారు. వాళ్లు చూసినవి ఫోటోలు. తెల్లటి మైదానం, అందులో చిన్న చిన్న మనుషులు, నా భార్య స్వరూప చేతిలో చారల చేప. బాగా చలేసిందా, మంచు పగలదా, ఏం వేసుకున్నారు అని అడుగుతారు. చివరి ప్రశ్న దగ్గర నేను మాట మారుస్తున్నాను.

వెళ్లొచ్చిన వారానికి ఈ కథనం ఒకసారి రాశాను. చలికి ఏ గుడ్డ మంచిది, ప్యాంటు ఎలా ఎంచుకోవాలి, అక్కడ ఏం తిన్నాం, అన్నీ అందులో ఉన్నాయి. స్వరూపకు చదివి వినిపించాను. బెండకాయలు తరుగుతూ చివరిదాకా విని, "రాస్తే మొత్తం రాయి. లేకుంటే ఏం రాయకు," అంది. ఆ రాత పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాను.

కాట్‌బస్: కిటికీ పక్క బల్ల

స్వరూపది కరీంనగర్ పక్కన, మానేరు డ్యాం నీళ్లు కనిపించే ఊరు. ఆమె మేనమామలు వల మీద బతికినవాళ్లు. సెలవులన్నీ వాళ్ల తెప్ప మీదే గడిపింది. కాట్‌బస్‌లో మాస్టర్స్ చేసి ఇక్కడే ఒక విద్యుత్ సంస్థలో ఇంజినీరుగా చేరింది. ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే బ్లూ కార్డు ఆమెది. ఆమె వీసా మీద వచ్చినవాణ్ణి నేను. డిగ్రీ మధ్యలో ఆపేసి కరీంనగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడిపాను. ఇక్కడ సాయంత్రాలు పార్సిళ్లు వేరుచేసే పని, పగలంతా నగర గ్రంథాలయం.

ఆ గ్రంథాలయం చదువు మీద నాకు చాలా గర్వం. జర్మన్‌ను పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో అర దాటుతూ వచ్చాను. తేనెటీగలు, పన్నులు, వంతెనలు, ఏది దొరికితే అది చదివాను. కొత్తగా వచ్చిన విద్యార్థులు చిరునామా నమోదు చేయించే ఆన్‌మెల్డుంగ్‌కు ఏం కాగితాలు కావాలో, మీటె, అంటే ఇంటద్దె, పెంచుతానన్న ఓనరుకు ఏం జవాబు చెప్పాలో నన్నే అడుగుతారు. "రాజన్నకు తెలుస్తది" అన్న మాట చెవిన పడితే ఆ రోజంతా హాయిగా ఉంటుంది. మీరేం చేస్తుంటారండీ అని ఎవరైనా అడిగినప్పుడు నా దగ్గర ఉండే జవాబు అదొక్కటే.

ఇక్కడ చేప పట్టాలంటే, అందులోనూ సాటి చేపల్ని తిని బతికే రకాలను పట్టాలంటే, పరీక్ష పాసవ్వాలి. స్వరూప పాసైంది. ఆ సంగతి ఫోనులో విని పెద్ద మేనమామ, "చేపను పట్టుటానికి పరీక్షనా బిడ్డా? ఫెయిలైతే చేప నవ్వుతదా?" అన్నాడట. చలికాలంలో సరస్సు మీద నడిచిపోయి, మంచుకు బొక్క పెట్టి, అందులోంచి చేప తీస్తారని చెబితే మాత్రం ఆయన నమ్మలేదు. నీళ్ల మీద నడుచుడేందని ఫోను పక్కవాళ్లకిచ్చేశాడు. ఆ రోజు నుంచి స్వరూపకు అదే పట్టుదల. ఒక్క చేపైనా మంచు కింద నుంచి తీయాలి.

పరీక్ష తరగతుల్లో పాఠం చెప్పిన హైకే అనే ఆవిడ తీసుకెళ్తానని మాటిచ్చింది. ఆవిడ ఉద్యోగం నుంచి రిటైరై ఉత్తరాన మెక్లెన్‌బుర్గ్‌లో ఒక సరస్సు ఒడ్డున ఉంటోంది. కానీ చలికాలాలు మునుపటిలా లేవు. రెండేళ్లపాటు మంచు మనిషిని మోసేంత గట్టిపడలేదు. ఈ ఏడు హైకే ఫోన్ చేసింది. మంచు నిలిచింది, వచ్చేవారం కరిగేలా ఉంది, ఈ ఆదివారం ఒక్కటే నమ్మకమైన రోజు, మళ్లీ ఎప్పుడో చెప్పలేను అని.

ఫోను పెట్టేసి స్వరూప నన్ను ఒక్కటే అడిగింది, ఏం వేసుకోవాలని. నేను గ్రంథాలయానికి పరుగెత్తాను.

కిటికీ పక్క బల్ల మీద వేటగాళ్ల పుస్తకాలు, పర్వతారోహకుల పుస్తకాలు, జాలర్ల పత్రికలు పరుచుకున్నాను. గంటలకొద్దీ కదలకుండా కూర్చునేవాళ్లకు కావలసింది లాట్స్‌హోజే. అంటే ఛాతీ దాకా వచ్చి భుజాల మీద పట్టీలతో నిలిచే దూది ప్యాంటు. నడుము దగ్గర చలిగాలి దూరే సందు ఉండదు. మనిషిని వెచ్చగా ఉంచేది గుడ్డ కాదు, గుడ్డలో చిక్కుకున్న గాలి. మోకాళ్ల దగ్గర, కూర్చునే చోట రెండు పొరలుండాలి. లోపల నూలు బట్ట ఉండకూడదు, చెమట పీల్చి చల్లబడుతుంది. పట్టీలు చొక్కా మీద కాకుండా, పై కోట్లన్నిటికీ అడుగున ఉంటేనే వేడి బయటకు పోదు. ఇవన్నీ నిజాలే. ఈ రోజుకీ వాటిలో ఒక్కటి కూడా తప్పని చెప్పలేను. ఎక్కువ సిగ్గేసేది అక్కడే.

బెర్లిన్: రెండు రకాల గుడ్డ

శుక్రవారం బెర్లిన్‌లో దిగి ముందుగా దుకాణానికి వెళ్లాం. స్టేషన్‌కు దగ్గరలోనే, వేటకూ చేపలకూ కావలసినవన్నీ అమ్మే పెద్ద దుకాణం. ఒక వైపు వేటగాళ్ల బట్టలు, ఆకుపచ్చగా, మెత్తగా. చెట్టు మీది మంచె ఎక్కి కూర్చున్నవాడు కాలు కదిపితే గుడ్డ చప్పుడు చేయకూడదు, జింక వింటుంది. ఇంకో వైపు జాలర్ల బట్టలు, గరగరలాడుతూ మెరుస్తూ. అక్కడ చప్పుడుతో పనిలేదు, నీరు చొరకూడదు. ఈ తేడా స్వరూపకు నేను పాఠంలా చెబుతుంటే పక్కన ఎవరో ముసలాయన కూడా ఆగి విన్నాడు. నాకింకా ఉత్సాహం వచ్చింది.

అమ్మే ఆవిడ స్వరూపను పైనుంచి కిందికి ఒకసారి చూసి, లోపలికి వెళ్లి ఆడవాళ్ల లాట్స్‌హోజే తెచ్చింది. నడుము వెనక ఒక పక్క నుంచి రెండో పక్కకు పెద్ద జిప్పు ఉంది. నేను లోపలి చీటీ తిప్పి చూశాను. దూది బరువు మగవాళ్ల దానికంటే తక్కువ. ఇది సరిపోదు, మేము మంచు మీద రోజంతా కూర్చోవాలి అన్నాను. ఆవిడ "కానీ మేడమ్‌కు..." అని మొదలుపెట్టింది. నేను ఈ విషయం బాగా చదివాను, థాంక్స్ అని మధ్యలోనే ఆపేశాను. జర్మన్‌లో అంత తడబడకుండా ఎవరినీ ఆపింది అదే మొదటిసారి. ఆవిడ భుజాలెగరేసి వెళ్లిపోయింది.

స్వరూప ఆ వెనక జిప్పును కొంచెం తెరిచి, మళ్లీ మూసి, ప్యాంటును కొక్కేనికి తగిలించింది. ఆమె చేతిని నేను చూశాను. ఏమీ అడగలేదు.

మగవాళ్ల అరలో అన్నిటికంటే చిన్న సైజు, అన్నిటికంటే దళసరి, నారింజ రంగు ప్యాంటు తీశాను. ముందువైపు కిందినుంచీ పైనుంచీ తెరుచుకునే జిప్పు. ధర మా నెల మీటెలో సగం. కరీంనగర్‌లో ఆ డబ్బుతో పాత బండి వస్తుంది. స్వరూప వద్దంటుందేమో అనుకున్నాను, అనలేదు. నాకు అప్పటికే ఒకటి ఉంది. కాట్‌బస్‌లో ఒక ముసలి వేటగాడి దగ్గర కొన్న పాత లాట్స్‌హోజే, బూడిద రంగు, పొగ వాసన. రెండు కాళ్లకూ పక్కన చీలమండ నుంచి నడుము దాకా జిప్పులు. గాలి ఆడటానికి కాబోలు అనుకున్నాను. మంచిది ఆమెకు, పాతది నాకు అని నా త్యాగానికి నేనే పొంగిపోయాను.

బెర్లిన్: పెసరట్ల సాయంత్రం

ఆ సాయంత్రం ప్రసాద్ ఇంట్లో దిగాం. భీమవరం మనిషి, ఇక్కడ సాఫ్ట్‌వేర్. ఆయన భార్య లావణ్య పెసరట్లు పోసి, అల్లం పచ్చడి నూరి పెట్టింది. మా వైపు అల్లం పచ్చడిలో ఇంత బెల్లం వేయరని నేనంటే, అందుకే మీరు అంత ఘాటుగా మాట్లాడతారు అన్నయ్యా అంది. తిన్నాక స్వరూప చేత కొత్త ప్యాంటు వేయించి చూపించాను. పట్టీలు బిగించి, పైన ఉన్ని చొక్కా, దానిపైన రెండు కోట్లు. చలి దూరడానికి ఒక్క సందు చూపించమని ప్రసాద్‌ను సవాలు చేశాను.

వాళ్ల కూతురు నిహకు అయిదేళ్లు. కీటాకు, అంటే ఇక్కడి బాలబడికి, వెళ్తుంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లోనే. అది స్వరూప చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నన్ను అడిగింది.

"ఉంట్ వీ మాఖ్ట్ జీ పిపి?"

మరి పిపి ఎలా పోతుంది అని. అందరం పగలబడి నవ్వాం. పాప నవ్వలేదు. కీటాలో బయటికి పంపే ముందు రోజూ చెప్పే సంగతి మాకు చెప్పింది. ముందు పిపి, తర్వాతే మంచు ప్యాంటు. లేకపోతే మళ్లీ అన్నీ విప్పాలి, టీచరుకు కోపం వస్తుంది.

"అది అన్నదాంట్లో తప్పేముంది అన్నయ్యా," అంది లావణ్య. "రేపు స్టేషన్‌కు వెళ్లే దారే కదా. ఆ వెనక జిప్పున్నది మార్చుకోండి."

ఆడవాళ్ల దాంట్లో దూది తక్కువని నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఆమె పెనం కడగడానికి వెళ్లింది. వంటింట్లోంచి స్వరూప గొంతు వినపడింది.

"నీళ్లు తాగకుంటే అయిపాయె. కరీంనగర్ నుంచి హైదరాబాద్ బస్సుల పోలేదా మనం?"

ఇద్దరూ మెల్లగా నవ్వుకున్నారు. మా ఊళ్ల ఆడవాళ్లు బస్సెక్కే ముందు రోజు నుంచే నోరు ఎండగట్టుకోవడం నేను చిన్నప్పటినుంచి చూసిందే. మా అమ్మ చేసేది. మా అక్క చేసేది. బస్సు ఆగిన చోటల్లా మగవాళ్లం దిగి గోడ పక్కకు పోయి వచ్చేవాళ్లం. వంటింట్లోంచి వచ్చిన ఆ మాట విని కూడా నేను ప్రసాద్‌తో వేటగాళ్ల గుడ్డ గురించి మాట్లాడుతూనే ఉన్నాను. పొద్దున ఆ దుకాణం ముందు నుంచే రైలుకు నడిచి వెళ్లాం. తలుపులు తెరిచే ఉన్నాయి.

ఉత్తరం వైపు

దారిలో రైలు మారే చోట బన్నులో ఉప్పు చేప పెట్టి అమ్ముతున్నారు. పచ్చిదే, పుల్లటి నీళ్లలో ఊరబెట్టింది. నాలుగు యూరోలు. నేను మొదటి ముద్దతోనే ఆపేశాను. స్వరూప మొత్తం తిని, కొంచెం కారం ఉంటే బాగుండేదంది. ఉప్పు చేప తిన్నాక నీళ్లు తాగుతావా అని సీసా ఇచ్చాను. పెదాలు తడుపుకుని తిరిగిచ్చేసింది.

కిటికీ బయట పొలాలు, పొలాల అంచుల్లో జింకలు ఊరి పశువుల్లా నిలబడి ఉన్నాయి. నేను ఉత్సాహంగా చదివినవి చెబుతూ పోయాను. అందులో ఒకటి ఇది. చలిలో ఒంట్లోని రక్తం చేతులూ కాళ్లూ వదిలి లోపలికి చేరుతుంది, అందుకని చలికాలంలో మూత్రం ఎక్కువ వస్తుంది, వింత చూడు అన్నాను. స్వరూప కిటికీ వైపే చూస్తూ "అట్లనా" అంది.

ఆ వాక్యం నేను గ్రంథాలయంలో రెండుసార్లు చదివాను. గుర్తుండాలని.

హైకే ఇల్లు

ఊరంటే ఇరవై ఇళ్లు, ఒక చర్చి, మూసేసిన బడి. హైకే మమ్మల్ని పాత కారులో తీసుకెళ్లింది. ఆవిడ అన్న మన్‌ఫ్రెడ్ పక్కింట్లోనే ఉంటాడు. వేటగాడు. మా ఊళ్లో ఇంటికొచ్చినవాళ్లకు అడక్కుండా చెంబుతో నీళ్లిస్తాం. ఇక్కడ గ్యాసున్న నీళ్లా లేని నీళ్లా అని అడుగుతారు. స్వరూప ఏవీ వద్దంది.

పొగబెట్టిన చేప, ఉడికించిన బంగాళాదుంపలు, గసగసాల కేకు. మన్‌ఫ్రెడ్ మా ప్యాంట్లు రెండూ చూశాడు. నా పాతదాన్ని చేత్తో రుద్ది, ఇది వేసుకుంటే జింక నీ ఒళ్లో పడుకుంటుందన్నాడు. స్వరూపదాన్ని రుద్ది ఆ గరగర వినిపించి, ఇది వేసుకుని కదిలితే పోలండ్ దాకా జింకలన్నీ లేచిపోతాయన్నాడు. చేపలకు వినిపించదులే అని హైకే నవ్వింది. ఆవిడ కూడా ఏదో అడగబోయి, నేను దూది పొరల గురించి అందుకోవడంతో ఊరుకుంది.

మంచు మీద

పొద్దున హైకే ముందు నడుస్తూ ఇనుప గునపంతో మంచును పొడిచి చూసింది. మెడలో తాడుకు రెండు మేకులు వేలాడదీసుకున్నాం. మంచు పగిలి పడితే అవి గుచ్చి పైకి పాకాలి. ఒకరికొకరు దూరంగా నడవాలి. సరస్సు మధ్యలో ఎక్కడో లోపల పెద్ద దూలం విరిగినట్టు మూలుగు వినిపించింది. నేను ఆగిపోయాను. గట్టి మంచే మాట్లాడుతుంది, నోరు మూసుకున్న మంచును చూసి భయపడాలి అంది హైకే.

బొక్క వేసే యంత్రం చేత్తో తిప్పేది, బావిలో గిలక తిప్పినంత బలం కావాలి. స్వరూప ఒక్కతే తిప్పి తన బొక్క తనే వేసుకుంది. అడుగున నల్లటి నీళ్లు పైకి పొంగి ఆగాయి. ఆమె ఆ నీళ్ల మీదికి వంగి చాలాసేపు చూసింది. ఆ ముఖం నేను డ్యాం ఒడ్డున తప్ప ఎక్కడా చూడలేదు. తేలే మంచు ముక్కలు తీసేయడానికి హైకే తన జల్లి గరిటె నాకిచ్చింది. అది కాసేపటికే నా గ్లవుసులోంచి జారి బొక్కలో పడిపోయింది. ఈ సరస్సులో నా గరిటెలు మూడున్నాయి, ఒకటి మా ఆయన వేసింది అని ఆవిడ ఇంకొకటి తీసింది.

పగలు పైకి వచ్చే కొద్దీ గాలి పెరిగింది. ఇక్కడి చారల చేప సాయంత్రం వెలుగు తగ్గేటప్పుడు బాగా పడుతుందట. అప్పటిదాకా ఓపిక పట్టాలి. హైకే టీ పోసింది. పొద్దున ఇంట్లో ఒక కప్పు, ఇక్కడ ఒక కప్పు, కాదంటే బాగుండదని స్వరూప తాగింది. మధ్యాహ్నం ఫ్లాస్కులోంచి సొల్యాంకా తీసింది. చేపతో చేసిన పుల్లటి సూపు, మన చారులో దోసకాయ ఊరగాయ పడేసినట్టుంటుంది. నేను రెండు గిన్నెలు తాగాను. స్వరూప వద్దంది.

నేను ఒడ్డున రెల్లు దగ్గరికి వెళ్లొచ్చాను. కాసేపటికి మళ్లీ వెళ్లొచ్చాను. హైకే కూడా వెళ్లి చిటికెలో వచ్చింది. ఆవిడ ప్యాంటుకు వెనక జిప్పు ఉంది. రెండోసారి నేను తిరిగొస్తుంటే స్వరూప బకెట్ మీద కూర్చుని మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని నన్నే చూస్తోంది. చలేస్తోందా అన్నాను. లేదంది. పళ్లు కొట్టుకుంటున్నాయి. ఇంత దూది లోపల చలి ఎలా వేస్తుందని ఆశ్చర్యపోయి, కాలరు సరిగా మూసుకోలేదేమోనని ఆమె మెడ చుట్టూ సవరించబోయాను. ఆమె నా చేతిని తీసేసింది.

హైకే లేచి వచ్చింది. స్వరూప చెవి దగ్గర ఏదో అడిగింది. స్వరూప తల ఊపింది. నేనింకా చలి గురించే అనుకుంటున్నాను.

అప్పుడు లెక్క వేసుకున్నాను. రెండు కోట్లు విప్పాలి. ఉన్ని చొక్కా విప్పాలి. అప్పుడు గానీ పట్టీలు దొరకవు. పట్టీలు దించితే ప్యాంటు మొత్తం దిగాలి. కింద బూట్ల దగ్గర జిప్పులు లేవు. ఆ గాలిలో, ఆ విశాలంలో, దూరంగా అక్కడక్కడ మగవాళ్లు కూర్చుని ఉండగా. ఒక్క సందు చూపించమని ప్రసాద్‌ను అడిగింది నేనే.

ఇంటికి పోదామంది హైకే. ఇద్దరూ బయల్దేరారు. నేను బకెట్, గునపం తీసుకుని వెనక పరుగెత్తాను. మంచు మీద పరుగెత్తలేం. స్వరూప చిన్న చిన్న అడుగులు వేస్తోంది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. మధ్యలో ఆగింది. హైకే ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది.

"రాజూ, నువ్వు ముందటికి పో," అంది స్వరూప. "మళ్లి చూడకు."

ముందుకు వెళ్లాను. తిరిగి చూడలేదు. నా బూట్ల కింద మంచు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వాళ్లు మళ్లీ నడవడం మొదలుపెట్టడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు.

తలుపు ఇవతల

హైకే ఇంట్లో స్నానాల గది తలుపు వేసి ఉంది. లోపల నీళ్లు పడుతున్నాయి. నేను ఇవతల నేల మీద కూర్చున్నాను. కాసేపటికి తలుపు కొంచెం తెరిచి స్వరూప ఆ నారింజ ప్యాంటును నా ముందుకు తోసి మళ్లీ మూసింది. బరువుగా ఉంది. బయటి నీటి చుక్కను లోపలికి రానివ్వదని నేను పొగిడిన గుడ్డ, లోపలి తడిని కూడా బయటకు పోనివ్వలేదు.

సారీ చెప్పాను. ఆ పాప చెప్పినప్పుడే మార్చాల్సింది అన్నాను.

"షాపులనే చూసిన," అంది లోపలి నుంచి. "ఆ వెనక జిప్పు."

"మరి చెప్పకపోతివి?"

నీళ్లు ఆగాయి.

"నువ్వు ఆమెతోని జర్మన్‌ల అంత మంచిగ మాట్లాడుతుంటివి. ఆమె కూడ వింటున్నది. నడుమల నేనెందుకని." తువ్వాలు దులుపుతూ అంది, "జాబు నాది, వీసా నాది, ఇల్లు నా పేరు మీద. ఇదొక్కటన్న నీదుండనీ అనుకున్న."

ఇన్నాళ్లూ "రాజన్నకు తెలుస్తది" అని వాళ్లంతా అంటుంటే అది నేను సంపాదించుకున్నదని అనుకున్నాను. ఇంట్లో ఆ మాటను ఎవరు ఎంత జాగ్రత్తగా కాపాడుతున్నారో, దానికోసం ఎన్నిసార్లు నోరు మూసుకున్నారో ఆ క్షణం దాకా తెలియదు. నాకు తెలియని ఆ సందర్భాలు ఏవేవో అడిగే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

తలుపు తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకుని నిలబడింది. ఏడవలేదు, కోపంగా కూడా లేదు. కిటికీలోంచి వెలుగు ఎంత ఉందో చూసింది.

"నీ ప్యాంటు ఇయ్యి. ఇంక పొద్దున్నది."

విప్పి ఇచ్చాను. హైకే ఆమెకు చూపించింది. పక్క జిప్పులు రెండూ నడుము దాకా తెరిస్తే పట్టీలు విప్పకుండానే వెనక భాగం విడిగా కిందికి దిగుతుంది. మంచు బూట్లు తీయనక్కర్లేదు. గాలి ఆడటానికి అనుకున్నవి అవి. ఆ ముసలి వేటగాడి దగ్గర కొన్న రోజు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు. నేను అడగలేదు, చదివాను. ప్యాంటు ఆమెకు వదులుగా ఉంది. కింద మడిచి, తాడు కట్టుకుని, హైకే ఇచ్చిన టీ మొత్తం తాగి తిరిగి మంచు మీదికి వెళ్లిపోయింది.

కిటికీలోంచి

లోపలి చెడ్డీతో నిలబడ్డ నన్ను చూసి హైకే మన్‌ఫ్రెడ్ పైజామా తెచ్చిచ్చింది. స్నానాల తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పట్టి, ప్యాంటును లోపలి వైపు బయటికి తిప్పి, మెత్తగా పిండాలని చెప్పి తనూ సరస్సుకు వెళ్లింది. నేను మోకాళ్ల మీద కూర్చుని ఉతికాను. దూది పొరలు నీళ్లు పీల్చి మనిషంత బరువెక్కాయి. ఎన్నిసార్లు మార్చినా నీళ్లు నురగ కడుతూనే ఉన్నాయి. నేను మెచ్చుకున్న ఒక్కో పొర చేతికి విడిగా తగిలింది.

చిన్న కిటికీలోంచి సరస్సు కనిపిస్తోంది. పొద్దు వాలి మంచు గులాబీ రంగుకు తిరిగింది. దూరంగా బకెట్ మీద ఒక చిన్న బూడిద రంగు మనిషి. కాసేపటికి ఆ మనిషి లేచి ఒడ్డున రెల్లు వైపు నడిచింది. చిటికెలో తిరిగొచ్చి కూర్చుంది. నేను చేతులు నీళ్లలోనే ఉంచి చూశాను. ఆ తర్వాత ప్యాంటు పిండడానికి లేచాను. పిండి, ఆరేసి, మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి బకెట్ ఖాళీగా ఉంది, ఇద్దరూ ఒడ్డుకు నడిచి వస్తున్నారు.

మూడేళ్లు ఎదురుచూసిన చేప నీళ్లలోంచి పైకి వచ్చినప్పుడు నేను అక్కడ లేను.

చారల చేప, ఎర్ర రెక్కలు, జానెడు. ఇక్కడి పద్ధతి ప్రకారం వెంటనే తల మీద కొట్టి ప్రాణం తీయాలి, గిలగిలలాడనివ్వడం నేరం. స్వరూప అలాగే చేసిందట, ఒక్క దెబ్బకే పని ముగించిందని హైకే మెచ్చుకుంది. ఎట్ల వచ్చింది, లాగిందా అని స్వరూపను అడిగాను. "హైకే చూసింది. ఆమెను అడుగు," అంది.

పొలుసు గీకి, పసుపూ కారమూ పట్టించి తనే వేయించింది. మన్‌ఫ్రెడ్ ఒక ముక్క తిని కళ్లనీళ్లు పెట్టుకుని రెండో ముక్క తీసుకున్నాడు. పొలుసు గీకకముందే పెద్ద మేనమామకు వీడియోలో చేపను, ఆ వెనక కిటికీలో తెల్లటి సరస్సును చూపించింది. ఆయన చాలాసేపు చూసి, "నిజమే నడిచినవా బిడ్డా," అన్నాడు. నడిచిన మామా అంది. చలికి ఏం ఏసుకున్నవ్ అని అడిగాడాయన. ఆమె నావైపు చూడకుండా, "రాజు ప్యాంటు," అంది.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని గ్లాసు ముందుకు జరిపింది. గ్యాసున్నవా లేనివా అని హైకే అడిగింది. లేనివి అంది. నేను జగ్గు అందుకుని పోశాను. ఆగకుండా తాగి మళ్లీ జరిపింది. మళ్లీ పోశాను. జగ్గు ఖాళీ అయితే వంటింట్లోకి వెళ్లి నింపుకొచ్చి, ఆమె పక్కనే నిలబడ్డాను.